కృత్తికల పక్కన ఐసు

మా అన్న నంద్యాలలో ఐసు ఫ్యాక్టరీ ఆపరేటరు. రోజూ ఆళ్ళగడ్డ నుంచి తొలి బస్సుకు పోయి, పొద్దు గూకాక ఇల్లు చేరేవాడు. తొంభైల మొదట్లో, నేను ఇంటర్ చదివేటప్పుడు, మా నాయన పోయాడు. అమ్మ అంతకు ముందే పోయింది. అన్న డిగ్రీ రెండో ఏడు మధ్యలో వదిలేసి ఫ్యాక్టరీలో చేరాడు. చేరనని ఒక్క మాట అనలేదు. నాకే ఒళ్ళు మండింది. పుస్తకాలు పట్టుకోవాల్సిన మనిషి గోనెపట్టలు మొయ్యడమేమిటని అరిచాను. "ఇద్దరం చదువుతా కూచుంటే పొయ్యి ఎవురు రాజేస్తారు పాపా" అని నవ్వి, క్యారియరు చేతపట్టుకుని బస్సెక్కాడు.

వేసవి సెలవుల్లో నేనూ అప్పుడప్పుడు ఆయనతో పోయేదాన్ని. బయట నంద్యాల ఎండ మాడు పగలగొడుతుంటే లోపల కాళ్ళు జిల్లుమనేవి. నేలంతా చెక్క మూతలు. మూతల కింద పెద్ద ఉప్పు నీళ్ళ తొట్టి, అందులో వరసగా రేకు డబ్బాలు. ఆ ఉప్పు నీళ్ళు ఎంత చల్లబడ్డా గడ్డకట్టవు, వాటిలో దిగిన డబ్బాల్లోని మంచినీళ్ళు గడ్డకడతాయి. అన్న డబ్బాను గొలుసుతో పైకి లాగి, మామూలు నీళ్ళలో ఒకసారి ముంచి వంచితే ఐసు దిమ్మె జారి బయటికి వచ్చేది. దాని మీద ఊక చల్లి, గోనెపట్ట చుట్టి పెళ్ళిళ్ళకూ సోడా బండ్లకూ పంపేవారు. ఆ చలిని పుట్టించే అమ్మోనియా వాసన ముక్కుపుటాలు అదరగొట్టేది. ఆ వాసన అన్న చొక్కాను ఎన్ని ఉతుకులు ఉతికినా వదిలేది కాదు. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, నిండు చెంబు ఎత్తి, ఊపిరి తీసుకోకుండా తాగి దించేవాడు. నీళ్ళు తాగడంలో మా ఇంట్లో ఆయన తర్వాతే ఎవరైనా.

ఆ జీతంతోనే నేను తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివాను. నంద్యాలలో ఒక కాలేజీలో లెక్చరరుగా కొన్నాళ్ళు చేశాక, సెలవు పెట్టి బెంగళూరులో నక్షత్రాల మీద పరిశోధనకు కుదిరాను. మా బంధువుల్లో ఒక్కరికీ అది పనిలా కనపడలేదు. చుక్కలు చూసేదానికి దుడ్లు గూడా ఇస్తారా అని మా చిన్నత్త ఆట పట్టించేది. నేను ఊరుకునే రకం కాదు. ఇస్తారు, నీకూ ఒక ఉద్యోగం చూడమంటావా అని తగులుకునేదాన్ని. అన్న మాత్రం ఎదురుగా కూర్చోబెట్టుకుని, నువ్వు చేసేదేందో నాకు అర్థమయ్యేట్టు చెప్పు అనేవాడు.

చెప్పాను. కొత్తగా పుట్టిన నక్షత్రం చుట్టూ దుమ్మూ వాయువూ పళ్ళెంలా పరుచుకుని తిరుగుతుంటాయి. ఆ దుమ్మే లక్షల ఏళ్ళకు ముద్దలు కట్టి గ్రహాలవుతుంది. నక్షత్రానికి దగ్గరగా వేడి, దూరంగా భరించలేని చలి. ఆ చలిలో దుమ్ము రేణువుల మీద నీళ్ళు మంచుగా పేరుకోవాలి. మన సముద్రాలకూ, కుందూ ఏటికీ, ఫ్యాక్టరీ డబ్బాల్లో పోసే నీళ్ళకూ మొదలు అలాంటి మంచే కావచ్చు. ఇదంతా లెక్కల్లో బాగానే ఉంటుంది. ఉందని చూపించడమే కష్టం. అంత దూరాన చీకట్లో ఉన్న మంచు ఎవరి కంటికీ దొరకదు. అయితే పరారుణ కాంతి అని, కళ్ళకు కనపడని వెలుగు ఒకటుంది. అందులో ఫలానా చోట నీటి మంచు వెలుగును మింగేస్తుంది. నక్షత్రం వెలుగు ఆ పళ్ళెంలో దూరి మన దాకా వచ్చేసరికి సరిగ్గా ఆ చోటే తగ్గి ఉంటే, కాగితం మీద గీసిన గీతలో అక్కడ గుంట పడుతుంది. గుంట ఉంటే దారిలో మంచు ఉన్నట్టు. నేను వెతికే నక్షత్రం కృత్తికలకు కాస్త పక్కన, వృషభరాశిలోనే ఉంది. పెద్ద దుర్భిణి లేనిదే అది కనపడదు.

అన్న అంతా విని, మరి ఆడ కంప్రెసర్ ఎవురు తిప్పుతారని అడిగాడు. ఎవరూ తిప్పరు, అక్కడి చలే అంత, అమ్మోనియా కూడా ఉంటుందని చెబుతారు అన్నాను. ఆ మాటకు పడీ పడీ నవ్వాడు. "అయితే ఆడికి పోయినా నాకు ఉద్యోగం దొరుకుతాదిలే" అన్నాడు. అందరం నవ్వాం.

రెండువేలు దాటిన రెండు మూడేళ్ళకు అన్న కాళ్ళు వాచాయి. మొదట నిలబడి చేసే పని వల్ల అనుకున్నాం. తర్వాత ముఖం వాచింది. అన్నం చూస్తే వాంతి వచ్చేది. పరీక్షలు చేస్తే, బీపీ ఎన్నాళ్ళ నుంచో పెరిగి పెరిగి రెండు కిడ్నీలూ తినేసిందని తేలింది. నా కిడ్నీ ఇస్తానన్నాను. నా రక్తం ఆయనకు సరిపడలేదు. వదినకు చక్కెర జబ్బు. పిల్లలు లేరు. ఇచ్చేవాళ్ళు ఇంకెవరూ లేకపోయారు. నంద్యాలలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో అప్పుడే రక్తం శుద్ధిచేసే మిషన్లు పెట్టారు. వారానికి రెండుసార్లు ఫ్యాక్టరీకి పోయే బస్సులోనే ఆసుపత్రికి పోయి, మంచం మీద పడుకుని, చేతికి సూదులు గుచ్చించుకుని వచ్చేవాడు. యజమాని మంచివాడు. బరువు పని మాన్పించి, మీటర్లు చూసే పనిలో ఉంచాడు.

అన్నిటికంటే పెద్ద శిక్ష నీళ్ళు. కిడ్నీలు పనిచేయవు కాబట్టి తాగిన నీళ్ళు బయటికి పోవు. ఒంట్లోనే ఉండి కాళ్ళలోకి, ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. రోజుకు ఒక చిన్న చెంబు కంటే ఎక్కువ వద్దన్నారు. వదిన పొద్దున్నే ఆ చెంబు నింపి గూట్లో పెట్టేది. టీ తాగితే అంత తీసేసేది, చారు పోసుకుంటే అంత తీసేసేది, మాత్ర వేసుకున్నా అందులో నుంచే. మేం అన్న ముందర నీళ్ళు తాగడం మానేశాం. వంటింట్లో తలుపు చాటుకు పోయి, చప్పుడు కాకుండా గుటక వేసేవాళ్ళం. నోరు మరీ పిడచగట్టుకుపోతే ఒక ఐసు ముక్క చప్పరించమని, దాన్ని కూడా లెక్కలో వేసుకోమని డాక్టరు చెప్పాడు. చుట్టూ దిమ్మెలకు దిమ్మెలు పెట్టుకుని మా అన్న చిటికెడు ముక్క బుగ్గన పెట్టుకుని కూర్చునేవాడు. నేనది ఒకసారి చూశాను. మళ్ళీ ఆ ఫ్యాక్టరీ లోపలికి పోలేదు.

ఒక మే నెలలో ఆయన వల్ల కాలేదు. డబ్బాలు నింపే కొళాయి కింద నోరు పెట్టి కడుపునిండా తాగేశాడు. సాయంత్రానికి ఊపిరి అందక, కూర్చున్నచోటే ఎగపోస్తుంటే తోటివాళ్ళు ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. నేను బెంగళూరు నుంచి వచ్చి, మంచం పక్కన నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. వదిన ఏమైపోవాలని, నేను ఎవరి కోసం రావాలని అడిగాను. అన్నకు కోపం రాలేదు.

"నీకు తెలీదు పాపా," అన్నాడు. "ఆకలైతే తెల్లారికి సచ్చిపోతాది. దప్పిక సావదు."

ఆ తర్వాత ఆయన్ను తిట్టలేదు. బంధువుల మీద మాత్రం నా నోరు బాగా పనిచేసేది. చూడవచ్చిన ప్రతివాళ్ళూ కొబ్బరిబోండాలు తెచ్చేవారు. లేత నీళ్ళు తాగితే కిడ్నీలు కడుక్కుపోతాయంట అని సలహా. ఈ జబ్బులో ఆ నీళ్ళు గుండెను ఆపేస్తాయని ఎంత చెప్పినా ఎక్కేది కాదు. ఒకాయన నేను చూడకుండా బోండానికి చిల్లు కొట్టబోతే, గెలంతా తీసుకుపోయి వాకిట్లో పెట్టాను. మీ చెల్లెలికి చదువెక్కి పొగరు పట్టిందప్పా అని అన్నతో అని పోయాడు. పడితే పట్టనీ అనుకున్నాను.

ఆ రోజుల్లోనే మాకు దూరదేశంలో కొండ మీది పెద్ద దుర్భిణితో కొన్ని రాత్రులు దొరికాయి. మా గైడు పోయి చూసి వచ్చారు. ఆ వెలుగు నమోదైన సీడీలు నా బల్ల మీద పెట్టారు. అందులోని అంకెలను శుభ్రం చేసి గీత గీస్తే సరిగ్గా ఉండాల్సినచోట గుంట ఉంది. లోతుగా, అందంగా ఉంది. మళ్ళీ గీశాను, మళ్ళీ ఉంది. గైడు మొహం కూడా వెలిగింది. ఇంకా కొన్ని పరీక్షలు మిగిలే ఉన్నాయి, కాస్త ఆగుదాం అన్నారు. ఆయనకేం, ఆగగలరు. నేను ఫోను తీసి అన్నకు చెప్పేశాను, నీళ్ళు దొరికినాయన్నా, మంచుగా ఉండాయి, ఎన్ని సముద్రాలు నింపొచ్చో అన్ని ఉండాయి అని.

ఆ తర్వాతి వారం నేనే అన్నను ఆసుపత్రికి తోడుకొని పోయాను. ఆ చిన్న వార్డులో నాలుగు మంచాలు. అందరికీ నీళ్ళ కరువే. అన్నకు పక్క మంచం ఆత్మకూరులో కిరాణా అంగడి ఉన్న ఒక పెద్దాయనది. నన్ను చూడగానే లేచి కూర్చోబోయాడు. ఐసు కనిపెట్టిన పాప ఈమేనా అని అన్నను అడిగాడు. అన్న అప్పటికే అందరికీ చెప్పేశాడు. మిషన్లు తిరుగుతున్నంతసేపూ ఆ వార్డులో అదే మాట. అంత ఐసు ఎవురిదంట, కరిగితే యాడికి పోతాది, ఒక ముక్క తెచ్చేదానికి వీలుకాదా. పెద్దాయన కళ్ళు మూసుకుని, అంత పెద్ద గడ్డ పక్కన కూచోని నాకుతాంటే ఎట్లుంటాది అని తనలో తనే మాట్లాడుకుంటుంటే నర్సు కూడా నవ్వింది. అన్ని నెలల్లో నేను ఆ వార్డులో నవ్వు వినడం అదే.

బెంగళూరు తిరిగి పోయి మిగిలిన పరీక్షలు మొదలుపెట్టాను. మన గాలిలోనూ తేమ ఉంటుంది, అది కూడా వెలుగును తింటుంది. అందుకని ఏ కొత్త సంగతీ లేని మామూలు నక్షత్రాన్ని ఒకదాన్ని దుర్భిణికి తగిలించిన అదే పనిముట్టుతో చూసి, దాని వెలుగుతో పోల్చి మన గాలి చేసిన తేడాను తీసేస్తారు. మా వాళ్ళు ఆ మామూలు నక్షత్రాన్ని రాత్రి మొదట్లోనే ఒకసారి చూసి ఊరుకున్నారు. తెల్లవారుజామున వేరే పని కోసం ఇంకో మామూలు నక్షత్రాన్ని చూసిన నమోదు సీడీలో మిగిలి ఉంది. దాని చుట్టూ పళ్ళెమూ లేదు, మంచూ లేదు. ఊరికే దాని గీత కూడా గీశాను. అందులో అదే గుంట ఉంది.

ఆ పనిముట్టును లోపల బాగా చల్లబరుస్తారు. ఎక్కడో సన్నని సందులోంచి గాలి దూరి, ఆ గాలిలోని తేమ లోపలి అద్దం మీద మంచు పొరగా పట్టింది. రాత్రి గడిచేకొద్దీ మందం పెరిగింది. మేం కృత్తికల పక్కన చూశామనుకున్న మంచు మా అద్దం మీదిది. గైడు ఆ రెండు గీతలనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. మంచిదే, అచ్చు కాకముందే తెలిసింది అని మాత్రం అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన పరిశోధన గురించనుకున్నారు. నా కళ్ళ ముందు ఆ నాలుగు మంచాలున్నాయి.

ఆళ్ళగడ్డకు వచ్చి అన్నకు ఉన్నదున్నట్టు చెప్పాను. అద్దానికి మంచు పట్టిందంటే ఆయనకు వేరే చెప్పాల్సిన పని లేదు, ఫ్యాక్టరీ పైపులకు రోజూ పట్టేదే కదా. అయితే ఆడ ల్యాదా, మీకు కనపల్యాదా అని అడిగాడు. తెలీదన్నాను, ఉందని ఇప్పుడు అనలేం, అంతే. వార్డులో వాళ్ళకు కూడా చెప్పాలన్నాను.

"చెప్పొద్దు పాపా. మేమంతా దాని మీదే నోరు తడుపుకుంటాండాం."

"ల్యాని దాన్ని ఉందని ఎట్ల చెప్పేదన్నా? అది అబద్ధం గదా."

"నిన్ను అబద్ధం చెప్పమనల్యా. ఇంగోసారి చూడమంటాండా. నువ్వు చూసేదాకా నేను నోరు తెరవను."

అన్న నన్ను ఏనాడూ ఏదీ అడగలేదు. చదువు మానేటప్పుడు అడగలేదు, ఫీజులు కట్టేటప్పుడు అడగలేదు. అడిగింది ఇదొక్కటే. సరేనన్నాను. ఇందులో నా చేతిలో ఉన్నది ఎంతని? దుర్భిణి ఇచ్చేది ఎవరో, ఆకాశం తేటగా ఉంచేది ఎవరో. పైగా అక్కడ మంచు ఉందో లేదో నా మీద ఆధారపడి లేదు. ఉండాలి ఉండాలి అని మొక్కుకుంటూ వెతకడం మా పనిలో తప్పు. అయినా మొక్కుకున్నాను. మహానందికి పోయి మొక్కాను. ఆ కోనేటిలో తళతళలాడే నీళ్ళు చూసి, అన్నను తీసుకురాకపోవడమే మంచిదైందనుకున్నాను.

మళ్ళీ రాత్రులు దొరకడానికి ఏడాది పట్టింది. ఈ లోపల అన్న సగమైపోయాడు. మిషను మీద పడుకోబెడితే బీపీ పడిపోయి కళ్ళు తేలవేసేవాడు. గుండె పెద్దదైందన్నారు. ఫోను చేసినప్పుడల్లా ఆఖరున, చూసినారా పాపా అనేవాడు. ఇంకా లేదన్నా అనేదాన్ని. కానీలే, తొందర ల్యాదు అనేవాడు. తొందర ఎంతుందో ఇద్దరికీ తెలుసు.

ఈసారి నేనూ గైడుతో పోయాను. పనిముట్టును బాగుచేసి, లోపలి గాలంతా లాగేసి పెట్టారు. మా నక్షత్రాన్ని చూడకముందు ఒకసారి, చూశాక ఒకసారి మామూలు నక్షత్రాన్ని చూశాం. వచ్చాక నెల రోజులు ఆ గీతలతోనే కుస్తీ పట్టాను. మామూలు నక్షత్రానికి రెండుసార్లూ గుంట లేదు. మా నక్షత్రానికి ఉంది. మొదటి దాని కంటే లోతు తక్కువ, అంత అందంగా కూడా లేదు. కానీ ఉంది. గైడు ఒక్కొక్కటే తన చేత్తో సరిచూసి, ఇంక చెప్పుకోవచ్చమ్మా అన్నారు.

ఫోనులో చెప్పాలనిపించలేదు. ఎదురుగా చెప్పాలని బస్సెక్కాను. ఆళ్ళగడ్డ ఇంట్లో అడుగు పెట్టేసరికి వదిన వాకిట్లోనే కూర్చుని ఉంది. ఆసుపత్రి నుంచి ముందురోజే ఇంటికి పంపించేశారంది. గుండె తట్టుకోదు, ఇంక మిషను పెట్టలేమన్నారట. "ఇంగ ఎన్ని నీళ్ళు అడిగినా ఇయ్యమన్యాడు డాక్టరు" అని చెప్పి కొంగు నోట్లో కుక్కుకుంది.

లోపల అన్న తలగడకు ఆనుకుని ఉన్నాడు. పక్కన పెద్ద ఇత్తడి బిందె, దాని మీద గ్లాసు. నన్ను చూసి నవ్వి, బిందె వైపు కళ్ళతో చూపించాడు. "తాగమన్యారంట. నాకు అర్థమైందిలే పాపా" అన్నాడు. వదిన అలవాటు కొద్దీ గ్లాసులో అడుగున కాసిని పోసింది. నిండుగా పొయ్యి, ఇంగ భయమేంది అన్నాడు. నిండుగా పోసింది. రెండు చేతులా పట్టుకుని నోటి దగ్గర పెట్టుకున్నాడు. రెండు గుక్కలు మింగాడు. మూడోది మింగలేక పక్కకు వదిలేశాడు. చాలు అన్నాడు. అన్ని నీళ్ళు ముందర ఉంటే చాలు అన్నాడు.

నోరు తుడిచి, చెవి దగ్గర కూర్చుని చెప్పాను. ఉందన్నా, ఈసారి ముందూ వెనకా చూసినాం, అద్దానిది కాదు, నిజంగా ఆడనే ఉంది అని.

"నేను ముందే చెప్పినా గదా అందురికీ" అన్నాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం పోయాడు. కర్ణాటకలో ఉన్న వదిన అన్నలు వచ్చేదాకా ఉంచాలంటే ఫ్యాక్టరీ వాళ్ళు ఐసు పంపారు. ఆయనతో పనిచేసినవాళ్ళే మోసుకొచ్చి, ఊకంతా కడిగి, ఒక్కో దిమ్మె పేర్చి, వాటి మీద పడుకోబెట్టారు. ఎండకు కరిగిన నీళ్ళు వాకిలి దాటి వీధిలోకి పారాయి. నేను ఆ నీళ్ళ పక్కనే కూర్చున్నాను. నక్షత్రాలూ గ్రహాలూ ఏవీ నాకు అక్కర్లేదనిపించింది.

కర్మలు అయ్యాక, మిగిలిపోయిన సూదిమందులూ గొట్టాలూ సంచిలో వేసుకుని నంద్యాల ఆసుపత్రికి పోయాను. కొన్నవి వాడకుండా మిగిలితే ఆ వార్డులో ఇంకొకరికి ఇవ్వడం అక్కడ అలవాటు. నేను తలుపు దగ్గర నిలబడగానే నాలుగు మంచాల మీది వాళ్ళూ సంచి వైపు చూశారు. ఎవరూ అన్న గురించి అడగలేదు. సంచి వెనక్కి వచ్చిందంటే అడగాల్సింది ఏమీ ఉండదు. అన్న మంచం మీద ఎవరో కొత్త మనిషి పడుకుని ఉన్నాడు. సంచి నర్సు చేతికిచ్చి తిరగబోతుంటే ఆత్మకూరు పెద్దాయన చెయ్యి ఎత్తి పిలిచాడు. పెదాలు పగిలి, తెల్లగా పొక్కులు కట్టి ఉన్నాయి.

"ఏమ్మా, మీ అన్న చెప్పిన ఐసు ఇంగా ఉందా ఆడ?"

"ఉందప్పా. మొన్ననే మళ్ళీ చూసొచ్చినాం."

"శానా ఉందా?"

"మన సముద్రాలకంటే ఎక్కువే ఉంది."

పెద్దాయన కళ్ళు మూసుకుని, నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. కొత్తగా వచ్చిన మనిషి అటు తిరిగి, యాడ, ఏం ఐసు అని అడిగాడు. పెద్దాయన అతనికి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. నేను బస్టాండు దాకా ఏడుస్తూ నడిచాను.